వారి సభకు వారే ఆహ్వానకర్తలు కావలెను

శ్రీకాకుళము, విజయనగరము జిల్లాల కలెక్టరు మహోదయులకు,



ప్రతి సోమవారమును ప్రజా సమస్యల పరిష్కార వేదికయందు మీ చేతికి వచ్చు వందలకొలది అర్జీలలో ఇదియు ఒకటిగా కలిసిపోకుండవలెనని, నా విన్నపమును పదిమంది యెదుట పెట్టుచున్నాను. పింఛను కొఱకు గాని ఇంటిస్థలము కొఱకు గాని ఈ లేఖ వ్రాయుట లేదు. ఆటిజంతో పుట్టి, పెరిగి, పెద్దవారై, నేడు మన రెండు జిల్లాల పల్లెలలోను పట్టణములలోను ఇరువది, ముప్పది, నలువది యేండ్ల ప్రాయముననున్న స్త్రీపురుషులకు తమదని చెప్పుకొనదగిన సభ యొకటి, రెండు దినములపాటు, వారి యిష్టానుసారముగా, వారి యాధ్వర్యముననే జరుగునట్లు మీరు పూనుకొనవలెనని కోరుటకై వ్రాయుచున్నాను. ఇట్టి సభలు లోకమునకు క్రొత్తవి కావు. ముప్పదియేండ్లుగా అచ్చటచ్చట జరుగుచునే యున్నవి. మన వంశధారా నాగావళుల నడుమ మాత్రము అట్టి సభ కొక కుర్చీయైనను వేసినవారిని నేనెఱుగను.

ఆటిజం అనగానే మన కన్నుల యెదుట నిలుచు రూపము పసిబిడ్డది. పిలిచినను పలుకని బిడ్డ, ముఖమెత్తి చూడని బిడ్డ, అగ్గిపెట్టెలను గుమ్మము పొడవున వరుసగా పేర్చుకొను బిడ్డ. ప్రభుత్వముయొక్క దృష్టియు అచ్చటనే నిలిచిపోయినది. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము పుట్టుక మొదలు పదునెనిమిదేండ్ల వఱకు బిడ్డలను పరీక్షించును. మండలములందలి భవిత కేంద్రములు బడియీడు పిల్లల కొఱకు ఏర్పడినవి. ఆ కేంద్రములలో పనిచేయు ఉపాధ్యాయినుల యోర్పును నేను కన్నులార చూచితిని. వారికి చేతులెత్తి మ్రొక్కవలెను. కాని పదునెనిమిది నిండిన మఱునాడు ఆ బిడ్డ యెచ్చటికి పోవలెను? ఇంటికి. ఇంటిలో నెచ్చటికి? వెనుకగదికి, లేదా పెరటి యరుగుమీదికి. తల్లి యున్నంతవఱకు తల్లి చూచుకొనును; ఆమె తరువాత నెవరను ప్రశ్న ఆ యింటిలో ఎవరును పైకి అనరు, ఎవరును మఱవరు.

ఇట్టివారెందఱు కలరో లెక్క చెప్పగల పుస్తకమేదియు మీ కార్యాలయమున నుండదు. 2011 జనాభా లెక్కలలో వైకల్యమును గుఱించి యడిగిన ప్రశ్నకు చూపు, వినికిడి, మాట, కదలిక మొదలుగా ఎనిమిది గడులు గీచిరి. ఆటిజమునకు గడి గీయలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021వ సంవత్సరమునకు వేసిన అంచనా ప్రకారము నూటయిరువదియేడుగురిలో ఒకరు ఈ స్వభావముతో జీవించుచున్నారు. 2011నాటి హద్దులతో మన రెండు జిల్లాల జనము కలిపి ఏబదిలక్షలకు పైచిలుకు. ఆ యంచనాను ఈ సంఖ్యకు పట్టించినచో నలువదివేలమందికి దగ్గఱగా తేలుచున్నది. అంచనా అంచనాయే యనుకొని అందులో సగము తీసివేసినను, సగములో సగము తీసివేసినను, మిగిలిన జనముతో ఒక పట్టణము నిండును. ఆ పట్టణమే మనకు కనబడుట లేదు.

ఈ స్వభావమును వైద్యశాస్త్రము మొట్టమొదట గుర్తించిన తీరులోనే ఈ లోపమున్నదని నాకు తోచును. 1943లో అమెరికాయందు లియో కానర్ అను వైద్యుడు పదునొకండుగురు పిల్లలను వర్ణించుచు ఒక వ్యాసమును ప్రకటించెను. అందు మొదటివాడు మిసిసిపి రాష్ట్రమున ఫారెస్ట్ అను చిన్న యూరికి చెందిన డొనాల్డ్ ట్రిప్లెట్. వైద్యగ్రంథములలో ఆతడు చిరకాలము బాలుడుగానే యుండిపోయెను. కాని ఆ బాలుడు పెరిగి, తన యూరి బ్యాంకులో ఉద్యోగము చేసి, కారు నడుపుట నేర్చి, గోల్ఫు ఆడుచు, దేశదేశములు తిరిగి, 2023లో ఎనుబదితొమ్మిదేండ్ల వయస్సున కన్నుమూసెను. బాల్యము పదునెనిమిదేండ్లు, ఆ తరువాత బ్రదికినది ఏడు దశాబ్దములు. ఆ ఏడు దశాబ్దములు సుఖముగా గడచుటకు ఏ యౌషధమును కారణము కాదు. ఆ యూరివారు ఆతని తీరు తెలిసి, ఆతనిని తమవానిగా నిలుపుకొనిరి; ఆతని కుటుంబమునకు కలిమియు బలిమియు ఉండెను. కలిమి లేని కుటుంబమునకు ఆ బలమును ఇయ్యవలసినది సమాజమును, దాని పక్షమున మీరును.

ఇక సభల సంగతి. చిరకాలము ఆటిజమును గుఱించిన సభలలో వేదికమీద వైద్యులును, ఎదుట తల్లిదండ్రులును కూర్చుండెడివారు. ఎవరిని గుఱించి సభ జరుగుచున్నదో వారు వచ్చినను, ఒకరిద్దఱు ఉదాహరణములుగా వేదికనెక్కి, జనము వేయు ప్రశ్నలకు సమాధానములు చెప్పి దిగెడివారు. పెద్దదీపములు, సందడి, అత్తరుల వాసన, భుజముమీద పడు అపరిచితుల చేతులు, వీనికి తాళలేక మధ్యలోనే వెడలిపోయినవారును ఉండిరి. 1992లో జిమ్ సింక్లేర్, డొనా విలియమ్స్, క్యాథీ గ్రాంట్ అను మువ్వురు, స్వయముగా ఆటిజం గలవారే, ఆటిజం నెట్‌వర్క్ ఇంటర్నేషనల్ అను సంఘమును స్థాపించిరి. మఱుసటి యేడు కెనడాలోని టొరంటో నగరమున జరిగిన అంతర్జాతీయ సభలో సింక్లేరుగారు తల్లిదండ్రులనుద్దేశించి ప్రసంగించిరి. మీరు ఊహించుకొన్న బిడ్డ పుట్టలేదని దుఃఖించుట సహజమే, కాని ఆ దుఃఖమును మీ యెదుటనున్న బిడ్డమీద మోపవలదు, ఈ బిడ్డ బ్రదికియున్నాడు, మీకై వేచియున్నాడు అనునది ఆ ప్రసంగసారము. దానిని చదివిననాడు, ఆటిజం గల కుమారుని పెంచిన నా చెల్లెలు జ్ఞప్తికి వచ్చి చాలసేపు కాగితము క్రిందపెట్టలేకపోయితిని.

ఆ సంఘమువారే 1996లో న్యూయార్కు రాష్ట్రమున కానన్‌డైగ్వా అను చోట, అడవి నడుమ నున్న ఒక శిబిరస్థలమున, ఆట్రీట్ అను పేర తమ మొదటి సభను జరుపుకొనిరి. ఆ సభలో ఏర్పఱచుకొన్న కట్టుబాట్లు మీరు శ్రద్ధతో వినదగినవి. సభకు వచ్చినవారు ఉపన్యాసములకు పోవలెనన్న నిర్బంధము లేదు. చెట్టుక్రింద ఒంటరిగా కూర్చుండి సభాదినములన్నియు గడపినను వారు సభలో పాల్గొన్నట్లే. అత్తరులు పూసికొని రారాదు. మెఱుపుదీపముతో ఛాయాచిత్రములు తీయరాదు. మాటలాడువారికిని మాటలాడలేనివారికిని సమానమర్యాద. కాలక్రమమున ఒక రంగుబిళ్ళల పద్ధతి ఏర్పడినది. ఎఱ్ఱబిళ్ళ ధరించినవారిని ఎవరును పలుకరింపరాదు. పసుపుబిళ్ళ ధరించినవారిని మునుపు పరిచయమున్నవారు మాత్రమే పలుకరింపవచ్చును. ఆకుపచ్చబిళ్ళ ధరించినవారికి మాటలాడవలెనని యున్నది గాని తామై మొదలుపెట్టుట కష్టము. వారిని మీరే వచ్చి పలుకరింపవలెను. ఈ మూడు బిళ్ళలలో ఎంత దయ, ఎంత బుద్ధిసూక్ష్మత యిమిడియున్నవో యోచింపుడు. "నాతో మాటలాడవద్దు" అని నోటితో చెప్పినచో పొగరనిపించును. చెప్పకున్నచో ప్రాణము మీదికి వచ్చును. బిళ్ళ ఆ మాటను నొప్పి లేకుండ చెప్పును. తరువాత ఇంగ్లండున 2005 నుండి ఆట్‌స్కేప్ అను పేర ఇట్టిదే సభ జరుగుచున్నది. అట్టిచోటులకు మొదటిసారి వెళ్ళినవారిలో అనేకులు, పుట్టిననాటినుండి పరదేశములో బ్రదికి తొలిసారిగా స్వదేశమున అడుగుపెట్టినట్లుండెనని వ్రాసికొనియున్నారు.

మన ప్రాంతమున ఆటిజం గల పెద్దలలో ఈ యనుభవము పొందవలసినవా డొకనిని నేను దగ్గఱగా ఎఱుగుదును. వాడు నా మేనల్లుడు, ముప్పదినాలుగేండ్లవాడు, పొందూరు ప్రాంతమున తల్లియొద్ద నుండును. మాట మిక్కిలి తక్కువ; వ్రాత చక్కగా వచ్చును. నా చెల్లెలు నూలు వడుకును. వాడు ప్రత్తి శుభ్రము చేయును. వాలుగ చేప దవడయెముకతో ప్రత్తిని దువ్వు పొందూరువారి పద్ధతి మీరెఱిగినదే. ఆ యెముకయందలి సన్నని పండ్లవరుస దూదిలోని నలుసులను పట్టి వేఱుచేసి, పోగులను ఒకే దిక్కునకు త్రిప్పును. గంజిపెట్టిన చొక్కా మెడపట్టీ ఒరసికొన్నచో విలవిలలాడు ఆ మనుష్యుడే, చేతివ్రేళ్ళకు ప్రత్తి తగిలినంతనే తేఱుకొని, ప్రొద్దువ్రాలు వఱకు ఆ దవడను మెల్లగా నడుపుచుండును. వాడు దువ్విన ప్రత్తిలో నలుసు వెదకి చూపుడని నా చెల్లెలు వచ్చినవారితో గర్వముగా అనును.

ఆ మనుష్యుని నేనొకనాడు వైకల్యమును ధ్రువపఱచు సదరం సర్టిఫికెట్టు కొఱకు ఒక ఆసుపత్రికి వెంటబెట్టుకొని పోయితిని. వరండా నిండ జనము, మినుకుమినుకుమను గొట్టపుదీపము, పేర్లు పిలుచు మైకు. వాడు రెండు చెవులును మూసికొని గోడవైపు తిరిగి నిలువబడెను. మా వంతు వచ్చినప్పుడు బల్లయొద్దనున్న గుమాస్తా, "ఏటి బావూ, పేరు సెప్పవేటి?" అని అడిగెను. వాడు కాగితముమీద పేరు, ఊరు, పుట్టినతేది ముత్యములవంటి యక్షరములతో వ్రాసి ముందుకు జరిపెను. ఆ కాగితము బల్లమీదనే యుండెను. గుమాస్తా నావైపు తిరిగి, "మాటల్రావేటండీ ఇతనికి?" అనెను. వెనుక నూఱుమంది వేచియుండగా ఆతనినేమి యనగలము? కాని తిరుగుప్రయాణమున ప్యాసింజరు బండిలో మేనల్లుడు ఆ కాగితమును జేబులోనుండి పలుమాఱులు తీసి చూచుకొనుచుండుట నేను గమనించితిని.

అట్లని వాడు జనమును ద్వేషించువాడు కాడు. విజయనగరము పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవమనిన వానికి ప్రాణము. ఉత్సవము జరుగు మంగళవారమునాటి జనసమ్మర్దమును, డప్పుల మ్రోతను తాళలేడు కనుక, కొన్ని దినములు ముందుగానే మా యింటికి వచ్చి, హుకుంపేటలో చింతమానును చెక్కి సిరిమానుగా తీర్చుచుండగా ఒకమూల కూర్చుండి చూచును. అచ్చటి వడ్రంగులు వానిని ఎఱుగుదురు. పలుకరింపరు, పొమ్మనరు, పెచ్చులు తగులకుండ కొంచెము జరుగుమని చేతితో సైగచేయుదురు. ఆ వడ్రంగులు ఎచ్చటను చదువుకొనకయే ఆట్రీట్ కట్టుబాట్లను పాటించుచున్నారు. ఈ సంస్కారము మన నేలలో నున్నదను నమ్మకముతోనే మిమ్ము యాచించుచున్నాను.

సభ సంగతి చెప్పి, నీవు వత్తువా యని వాని నడిగితిని. జవాబు మఱునాటికి వ్రాసియిచ్చెను. వాని మాటలనే యిచ్చట దించుచున్నాను: "తలుపు దగ్గర కుర్చీ కావాలి. మైకు వద్దు. ఎప్పుడు ఏమి జరుగుతుందో ముందే కాగితం మీద ఇవ్వాలి. అది మారితే మళ్ళీ రాసివ్వాలి. భోజనంలో ఏముంటుందో చెప్పాలి. పప్పు, అన్నం కలపకుండా పెట్టాలి. మధ్యలో బయటికి వెళ్తే ఎందుకని అడగకూడదు. నాలాంటివాళ్ళు ఎంతమంది వస్తారు?" కడపటి ప్రశ్నకు నేను సమాధానము చెప్పలేకపోయితిని. దానికి సమాధానము చెప్పగలవారు మీరు.

కొందఱు పెద్దలు నాతో ఒక యాక్షేపణ చేసిరి. వ్రాయగలవారు, చదువగలవారు సభ జరుపుకొందురు గాక, మాటయు వ్రాతయు లేనివారికి, తమ యన్నము తాము తినలేనివారికి సభయేమిటి, వారి పక్షమున తల్లిదండ్రులు మాటలాడవలదా యని. తల్లిదండ్రులు మాటలాడవలసినదే, వారు మోసిన బరువు ముందు నా లేఖ యెంత? కాని మాట లేనివారికి చెప్పవలసినదేదియు లేదని తీర్మానించుటకు మన కధికారము లేదు. మన శ్రీకాకుళపు బిడ్డ, శ్రీముఖలింగము చెంతనున్న పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులుగారు చేసిన పనిని చూడుడు. కొండమీది సవరలకు చదువు రాదు, వారి పలుకులు పలుకులే కావు అని పల్లపువారు తీసివేసినకాలమున, ఆయన సవరభాష తెలిసినవానిని తన యింట నుంచుకొని, ఆ భాషను నేర్చి, పాఠశాలలు పెట్టి, 1931లో దానికి వ్యాకరణమును వెలువరించెను. ఆ కొండలలో తగిలిన మలేరియాకు పుచ్చుకొన్న క్వినైనుచేత ఆయన వినికిడి పోయెను. వినికిడిని కోల్పోయినవాడు, ఎవరును వినని జనముయొక్క మాటను లోకమునకు వినిపించెను. ముందు వారి భాష నేర్చుకొని, పిమ్మట వారికి పాఠము చెప్పబూనిన ఆయన పద్ధతిలో ఇప్పటికిని మార్పవలసినదేదియు నాకు కనబడదు. చేతులాడించుట, ఊగుట, ఒకే పదమును మఱలమఱల అనుట, ఒక వస్తువును పట్టి వదలకుండుట, ఇవి యన్నియు చెప్పుటయే. రెండు దినములు ఒక్కచోట కూర్చుండి గమనించినచో కొంతయైనను తెలియకపోదు.

విజయనగరమువారికి ఇంకొక దృష్టాంతము గలదు. అది నా మనస్సున నెల్లప్పుడు మెదలుచుండును. చాగంటి జోగారావుగారి యంధకుమారునకు సంగీతము నేర్వవలెనను కోరిక కలుగగా, ఆ యొక్క బాలుని నిమిత్తముగా 1919లో విజయరామ గజపతి మహారాజు సంగీత కళాశాలను స్థాపించెను. ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి తొలి యధ్యక్షులు. చూపు మందగించుటచే బడిచదువు సాగని ద్వారం వెంకటస్వామినాయుడుగారు అచ్చట శిష్యుడుగా చేరుటకై వచ్చి, ఆచార్యుడుగా నియమితులైరి. పిమ్మట ఘంటసాలవంటివారు ఆ గడపలోనుండియే లోకమునకు వచ్చిరి. ఒక్క బిడ్డయొక్క యవసరమును మన్నించి తలుపు తెఱచిన పట్టణమిది. ఆ బిడ్డ యెంత పాడునో, దానివలన రాజ్యమునకెంత లాభమో లెక్క వేసిన పిమ్మట తెఱచిన తలుపు కాదది.

చట్టము సంగతి మీకు నేను చెప్పవలసినది కాదు గాని, చదువరుల కొఱకు కొంచెము చెప్పెదను. 1995 నాటి వికలాంగుల చట్టమున ఆటిజం పేరే లేదు. 1999 నాటి జాతీయ ట్రస్టు చట్టము దానిని పేర్కొని, పదునెనిమిది నిండినవారికి సంరక్షకుని నియమించు స్థానిక సంఘమున జిల్లా కలెక్టరుతోపాటు వైకల్యము గల వ్యక్తి యొకరుండవలెనని విధించినది. 2016 నాటి చట్టము ఇరువదియొక్క వైకల్యములలో ఆటిజమును చేర్చి, ప్రభుత్వోద్యోగములలో నాలుగుశాతము వికలాంగులకు కేటాయించుచు, అందొకశాతమును ఆటిజం, బుద్ధిమాంద్యము, మానసిక వ్యాధి మొదలగువాని కన్నిటికిని కలిపి యుంచినది. 2007లో భారతదేశము అంగీకరించిన ఐక్యరాజ్యసమితి ఒడంబడిక, వైకల్యము గలవారికి సంబంధించిన నిర్ణయములు వారితో సంప్రదించియే చేయవలెనని నాలుగవ యధికరణమున చెప్పుచున్నది. 2024 జూలై నుండి మన రాష్ట్రమున దివ్యాంగుల పింఛను నెలకు ఆఱువేల రూపాయలైనది. అది గొప్ప యూఱట, కాదనువాడు కృతఘ్నుడు. అయినను సంప్రదింపవలెనన్న విధి పింఛనుతో తీరునది కాదు. సంప్రదింపవలెనన్నచో ముందు వారిని కలిసికొనవలెను. కలిసికొనుటకు వారు రాగల చోటు కావలెను.

కావున నా కోరిక లివి. ఏప్రిల్ 2వ తేదీని ప్రపంచ ఆటిజం దినముగా నీలిదీపములతో జరుపుచున్నారు. సభను మాత్రము ఆ యెండలలో పెట్టవలదు. వేడియు, విద్యుత్తు పోకయు ఇట్టివారిని ఇతరులకన్న మిక్కిలి బాధించును. మార్గశిరమున, పరీక్షలును జాతరలును లేని దినములలో, ఊరిబయట చెట్లున్న ఒక విద్యాలయమును రెండు దినములకు ఇప్పింపుడు. అంతకు మూడునెలల ముందు, రెండు జిల్లాలనుండి ఆటిజం గల పెద్దలను ఏడెనిమిదిమందిని పిలిచి, సభ యెట్లుండవలెనో వారినే నిర్ణయింపనిండు. వ్రాయువారు వ్రాయుదురు, బొమ్మలు చూపువారు చూపుదురు, ఏమియు చెప్పలేనివారి యొద్ద వారి తీరు తెలిసినవారు కూర్చుందురు. ఆహ్వానపత్రముమీద వారి పేర్లుండవలెను. పలాస, టెక్కలి, రాజాం, బొబ్బిలి, చీపురుపల్లినుండి వచ్చువారికి వాహనములు, తోడు వచ్చువారికి భోజనము ఏర్పాటు చేయవలెను. సభాస్థలముయొక్క చిత్రములను, గదుల పటమును ముందుగానే వారికి పంపవలెను. చీకటిగా, చల్లగా, నిశ్శబ్దముగా నుండు గది యొకటి తప్పక యుండవలెను.

మఱియొక ముఖ్యమైన మనవి. మన ప్రాంతమున అధికారులు వచ్చిన సభకు తప్పెటగుళ్ళతో ఎదురేగుట మర్యాద; జ్యోతిప్రజ్వలనము, శాలువలు, పత్రికలవారి దీపములు, గంటసేపు స్వాగతోపన్యాసములు ఆచారము. తప్పెటగుళ్ళు మన గర్వకారణము. ఆ రెండు దినములు మాత్రము వలదు. మీరు రండు, కాని వేదిక యెక్కక, వారి నడుమ ఒక కుర్చీలో కూర్చుండుడు. ఆకుపచ్చబిళ్ళ ధరించినవారిని పలుకరింపుడు. ఎఱ్ఱబిళ్ళవారికి చోటు విడువుడు. కరతాళధ్వనులకు మాఱు చేతులు గాలిలో నాడింపుడు. ఎవరైన మీకు కాగితమిచ్చినచో, తోడు వచ్చినవారివైపు తిరుగక, ఆ కాగితమును వారి యెదుటనే చదివి వారికే బదులు చెప్పుడు.

ఈ పనికి వ్యయము స్వల్పము. స్థలము మీ యధికారములోనిది. కూర్చుండి పనిచేయుటకు నావంటి విశ్రాంత ఉద్యోగులు అనేకులు సిద్ధముగా నున్నారు. మీరిరువురును కలిసి ఒక తేదీని నిర్ణయించి, ఈ సంవత్సరాంతములోగా ప్రకటింపుడు. ఒకమాఱు ప్రకటించిన తేదీని దయచేసి మార్పకుడు. మారునెడల ఎంత ముందుగా వీలైన అంత ముందుగా, కారణముతోగూడ, ప్రతియొక్కరికిని వ్రాసి తెలుపుడు.

ఇట్లు
భవదీయుడు,
ఒక మేనమామ,
విజయనగరము.